కొట్టేసిన అంకె



మూడు వారాల కిందట ఆదివారం ఆరాధనలో నేనొక సాక్ష్యం చెప్పాను. ఆ సాక్ష్యం అబద్ధం. తెలిసి చెప్పింది కాదు, అయినా అబద్ధమే. ప్రసంగ వేదిక మీద నిలబడి చెప్పాను కాబట్టి దాన్ని దిద్దుకోవడం కూడా మీ అందరి ముందే జరగాలి.

జరిగింది ఇది. మన మందిరానికి వచ్చే దైవసేవకులు కూర్చోవడానికి ఒక సోఫా సెట్టు ఉండాలని స్త్రీల సమాజం వాళ్లు చాలాకాలంగా అనుకుంటున్నారు. పిడికెడు బియ్యం కానుకల డబ్బు ఏడాదిన్నర పోగేశారు. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు దేవునికని తీసి డబ్బాలో వేసిన తల్లుల డబ్బు అది. టౌన్లో ఒక ఫర్నిచర్ షాపు ముందు ఆషాఢం ఆఫర్, సగం ధరకే అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఇద్దరు పెద్దల్ని తీసుకుని వెళ్లాను. సోఫా మీద చీటీ ఉంది. పైన 68,000 అని రాసి దాని మీద ఎర్ర గీత కొట్టారు. కింద పెద్ద అక్షరాలతో 34,000. ఆఫర్ ఆదివారంతో ఆఖరు అన్నారు. కొనేశాం.

ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పాను. అరవై ఎనిమిది వేల వస్తువును దేవుడు ముప్పై నాలుగు వేలకే ఇప్పించాడనీ, మిగతా ముప్పై నాలుగు వేలు ఆయన మనకు మిగిల్చాడనీ చెప్పాను. మీరందరూ హల్లెలూయా అన్నారు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, మన యవనస్థుల కూటంలోని ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. ఆ షాపులోనే సేల్స్‌లో పని చేస్తాడు.

"అయ్యగారూ, ఆ అరవై ఎనిమిది నేనే రాశానండి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పాడు. ఆ సోఫాలు ఆ వారమే లోడులో దిగాయట. ముప్పై నాలుగు రావాలి, అరవై ఎనిమిది రాసి కొట్టెయ్ అని ఓనరు చెప్పాడట. శుక్రవారం రాత్రి షట్టరు దించాక వీడు కూర్చుని చీటీలన్నీ రాశాడట. "ఆ ధరకి ఒక్కటీ అమ్మలేదండి. అమ్మాలని కూడా అనుకోలేదు. మీరు స్టేజీ మీద ఆ అంకె చెప్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదండి. నేను చేసింది పాపమేనా అయ్యగారూ?"

వాడి తండ్రి లేడు. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ప్రార్థన చేద్దాం బాబూ అని పంపించేశాను. కొన్నిసార్లు మేము సేవకులం జవాబు తప్పించుకోవడానికి కూడా ప్రార్థన అనే మాట వాడతాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం వాడికి నేను బాకీ పడిన జవాబు.

మర్నాడు మన సంఘంలో వడ్రంగి పని చేసే సహోదరుణ్ణి పిలిచి సోఫా బోర్లించి చూడమన్నాను. అడుగు గుడ్డ విప్పాడు. లోపల నాసి కర్ర, ప్లైవుడ్ ముక్కలు, పైన ఫోము, రెక్సిన్. లెక్క వేసి "ముప్పై, ముప్పై రెండు వేల సరుకండి. షాపు ఖర్చులు కలుపుకుంటే మరీ మోసపోలేదు లెండి" అన్నాడు. పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అప్పుడే అసలు బాధ మొదలైంది. డబ్బు పోలేదు. మరి పోయింది ఏమిటి?

అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయం తీయండి. అననీయ సప్పీరాల సంగతి మనం కానుకల గురించి ప్రసంగించేటప్పుడే వాడుకుంటాం. ఈసారి నిదానంగా చదవండి. పొలం మీదే, అమ్మిన సొమ్ము కూడా మీ చేతిలోనే ఉంది కదా అని పేతురే ఒప్పుకున్నాడు. కొంత దాచుకోవడం నేరమని ఆయన అనలేదు. తర్వాత సప్పీరా లోపలికి వచ్చినప్పుడు ఆమెను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: పొలం ఇంతకే అమ్మారా? అది ధర గురించిన ప్రశ్న. ఆమె అవును, అంతకే అంది. తొలి సంఘంలో ఇద్దరి ప్రాణాలు పోయింది ఒక వస్తువు ధర విషయంలో చెప్పిన అబద్ధానికి. ఆ అబద్ధం వల్ల సంఘానికి నష్టమేమీ రాలేదు, పైగా కానుక వచ్చింది. అయినా పరిశుద్ధాత్మ దాన్ని చూసీచూడనట్టు వదల్లేదు.

కొట్టేసిన అంకె కూడా ఒక వాక్యమే, ప్రియులారా. అది నోరు లేకుండా మాట్లాడుతుంది. "ఈ వస్తువును మొన్నటిదాకా ఇంతకు అమ్మాం, కొన్నవాళ్లు ఉన్నారు, నీ కోసం తగ్గించాం" అని సాక్ష్యం చెబుతుంది. ఆ ధరకు ఎవరూ కొనకపోతే, అమ్మే ఉద్దేశమే లేకపోతే, అది నీ పొరుగువాడి ముందు పలికిన అబద్ధ సాక్ష్యం. పది ఆజ్ఞల్లో తొమ్మిదోది కోర్టు బోనుకే పరిమితమని ఎక్కడా రాసి లేదు.

ద్వితీయోపదేశకాండము ఇరవై అయిదో అధ్యాయంలో దేవుడు సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దన్నాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈ రోజు రాళ్లు పోయి కంప్యూటరు కాటాలు వచ్చాయి. తూనికల శాఖ వాళ్లు వచ్చి వాటికి ముద్ర వేసి వెళతారు. రెండు రాళ్లు సంచిలోంచి లేచి ఒకే చీటీ మీదకు చేరాయి. పై అంకె మన ఆశను తూచడానికి, కింది అంకె మన జేబును తూచడానికి.

ఇది ఫర్నిచర్ షాపుల్లోనే ఇంతగా ఎందుకు సాగుతుందో కూడా చెప్పుకోవాలి. బియ్యం ధర మన ఇళ్లల్లో చిన్నపిల్లకూ తెలుసు. టమాటా రెండు రూపాయలు పెరిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. సోఫా ధర ఎవరికి తెలుసు? పదిహేనేళ్లకో, కూతురి పెళ్లికో ఒకసారి కొంటాం. ఒక షాపులో ఉన్న మోడలు ఇంకో షాపులో అదే పేరుతో దొరకదు. రెక్సిన్ కింద ఏ కర్ర ఉందో, పైన టేకు రంగు వేసిన డ్రెస్సింగ్ టేబుల్ లోపల పార్టికల్ బోర్డు ఉందో, చూసి చెప్పలేం. బీరువా రేకు గేజ్ అంకె పెరిగితే రేకు పలచబడుతుందని, 20 గేజ్ కన్నా 22 గేజ్ పలచనని మనలో ఎంతమందికి తెలుసు? ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఎమ్మార్పీ ముద్రించి ఉంటుంది. షాపులో విప్పి నిలబెట్టిన మంచానికి షాపువాడు రాసిందే ధర.

అందుకని ఏమీ తెలియనివాడికి ఆ కొట్టేసిన అంకె ఒక్కటే దారి చూపిస్తుంది. 68,000 అని చూడగానే ఇది అంత నాణ్యమైనది కాబోలు అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ధర గురించిన అబద్ధం అక్కడితో ఆగదు, వస్తువు గురించిన అబద్ధంగా మారుతుంది. ఆమోసు ఎనిమిదో అధ్యాయంలో ప్రవక్త మండిపడిన వర్తకులు కొలత తగ్గించి, వెల పెంచి, చచ్చు ధాన్యాన్ని గోధుమలతో పాటు అమ్మజూపినవాళ్లు. మూడు పనులూ ఒకే వరసలో చెప్పాడాయన.

మిగతా మాయలు కూడా ఈ గీత చుట్టూనే అల్లుకుంటాయి. 50 శాతం, ఆపైన ఇంకో 20 శాతం అంటారు. మనం 70 అనుకుంటాం. లక్ష మీద సగం తీస్తే 50,000, అందులో 20 శాతం తీస్తే 40,000. తగ్గింది 60 శాతమే. ఇక ఆ లక్షే కల్పితమైతే లెక్కంతా గాలిలో మేడ. 70 శాతం "వరకు" అనే ఫ్లెక్సీలో ఆ చివరి మాటను చీమంత అక్షరాలతో రాస్తారు. మంచం కొంటే పరుపు ఉచితం అంటారు, పరుపు ఖరీదు మంచంలోనే ఉంటుంది. ఆఖరి మూడు రోజులు అనే బోర్డు ఉగాదికి కట్టింది ఆషాఢంలోనూ అక్కడే వేలాడుతుంది. సున్నా వడ్డీ వాయిదాలు అంటారు. సున్నా వడ్డీ అన్నదే లేదని, ఆ పేరుతో అసలు వడ్డీని దాచవద్దని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. ఆ వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులోనో, నగదు కొనుగోలుకు ఇచ్చే తగ్గింపు మనకు ఇవ్వకపోవడంలోనో ఉంటుంది.

ఉచితం అనే మాట కొత్తదేమీ కాదు లెండి. ఆదికాండము ఇరవై మూడులో అబ్రాహాము భార్యను పాతిపెట్టడానికి స్థలం అడిగితే, ఎఫ్రోను ముందు ఊరికే ఇస్తానన్నాడు. తర్వాత నాలుగు వందల తులాల వెండి అన్నాడు. అబ్రాహాము ఉచితానికి ఆశపడలేదు. ఊరి గవిని దగ్గర, హేతు కుమారులు వింటుండగా చెప్పిన వెల ఎంతో అంతా తూచి ఇచ్చాడు. ఒక్క వెల, పదిమంది ముందు చెప్పింది. శారమ్మ సమాధి స్థలం గురించి ఆ తర్వాత ఎవరూ వేలెత్తి చూపే పని లేకపోయింది.

వ్యాపారం చేసే మన సహోదరులు దీనికి మూడు జవాబులు చెబుతారు. ఈ వారం మూడూ విన్నాను.

ఒకటి, ఇది అందరికీ తెలిసిందే కదా అయ్యగారూ, ఎవరు నమ్ముతారు? అని. నమ్మినవాణ్ణి నేనే ఉన్నాను. నాతో వచ్చిన ఇద్దరు పెద్దలూ నమ్మారు. ఎవరూ నమ్మకపోతే రాత్రి కూర్చుని రాయించడం ఎందుకు? తెలివైనవాడికి ఆ చీటీ పనిచేయదు. చదువు రాని తల్లికి, పెళ్లి ముహూర్తం దగ్గరపడి కంగారులో ఉన్న తండ్రికి పనిచేస్తుంది. బలహీనుడి మీద మాత్రమే పనిచేసే ఆయుధాన్ని నిరపాయం అనడం ఏ ధర్మం?

రెండు, అందరూ రాస్తుంటే నేనొక్కణ్ణి రాయకపోతే మునిగిపోతాను అని. ఈ మాటలో నిజముంది, కాదనను. అమెరికాలో జేమ్స్ క్యాష్ పెన్నీ అనే బాప్టిస్టు బోధకుడి కొడుకు 1902లో వయోమింగ్ రాష్ట్రంలోని కెమరర్ అనే చిన్న ఊళ్లో బట్టల కొట్టు తెరిచాడు. ఆ కొట్టు పేరు గోల్డెన్ రూల్, అంటే మత్తయి ఏడో అధ్యాయంలో ప్రభువు చెప్పిన బంగారు సూత్రం. ఇతరులు మీకేమి చేయాలని కోరుకుంటారో అదే వారికి చేయండన్న ఆజ్ఞ. ఆ కొట్టే పెరిగి జేసీ పెన్నీ అనే పెద్ద కంపెనీ అయ్యింది. కాలక్రమాన అదీ తగ్గింపుల ఆటలో పడింది. 2012లో కొత్త అధికారి రాన్ జాన్సన్, పెంచి కొట్టే ధరలు మానేసి ఉన్న ధరే రాద్దామన్నాడు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్లో ఆయన్ను తీసేశారు. తగ్గింపులు తిరిగి వచ్చాయి.

నిజం రాస్తే నష్టం రావచ్చు. ప్రభువు కూడా సిలువ ఎత్తుకోమన్నాడు గానీ లాభం గ్యారంటీ అనలేదు. అయినా ఇంకో చరిత్ర కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లాండులో క్వేకర్లు అనే విశ్వాసులు బేరం లేకుండా ఒకే ధర చెప్పడం మొదలుపెట్టారు. అవును అంటే అవును, కాదు అంటే కాదు అన్న ప్రభువు మాటను దుకాణంలోనూ పాటించాలని వాళ్ల పట్టుదల. మొదట్లో గిరాకీ పోయింది. తర్వాత, చిన్నపిల్లను పంపినా మోసం చేయరని ఊళ్లు నమ్మాయి, వాళ్ల వ్యాపారాలు నిలబడ్డాయి. ఆ నమ్మకం రావడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లు ఓర్చుకునే షాపు మన టౌన్లో ఒక్కటైనా విశ్వాసిది ఉండాలని నా ప్రార్థన.

మూడు, తగ్గింపే పాపమంటారా? అని. అనను. కిందటేడు మోడలు మిగిలిపోతే తగ్గించి అమ్మడం, గీతలు పడ్డ డిస్ప్లే ముక్కను తక్కువకివ్వడం, ఆషాఢంలో పెళ్లిళ్లు లేక గిరాకీ తగ్గితే లాభం కొంత వదులుకోవడం, ఇవన్నీ న్యాయమైన పనులే. నిన్న నిజంగా ఉన్న ధరను ఈ రోజు నిజంగా తగ్గిస్తే దాన్ని దర్జాగా రాసుకోండి. నేను తప్పుపడుతున్నది కొట్టెయ్యడానికే పుట్టిన అంకెను.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. ఒక వస్తువు మామూలుగా ఏ ధరకు అమ్ముడవుతుందో ఆ విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడం దాని ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఖరీదు అందులోనే కలిపి వసూలు చేస్తూ ఉచితం అనిపించడమూ అంతే. తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కైసరు చట్టం నేరమన్నదాన్ని దేవుని పిల్లలు వ్యాపార నైపుణ్యం అనడం ఎంత సిగ్గుచేటు!

ఇప్పటిదాకా షాపువాళ్ల మీద రాళ్లు వేశాను. ఇక మన వంతు.

సామెతలు ఇరవయ్యో అధ్యాయంలో కొనేవాడి గురించీ ఒక మాట ఉంది. కొనేటప్పుడు బాగాలేదు బాగాలేదు అంటాడు, కొని బయటికొచ్చాక గొప్పలు చెప్పుకుంటాడు. ఆ అబద్ధపు అంకె మనకూ కావాలి, ప్రియులారా. కూతురికి సారె పంపేటప్పుడు వియ్యాలవారి ముందు ఏ ధర చెబుతున్నాం? కట్టిన ధరా, కొట్టేసిన ధరా? "లక్ష రూపాయల మంచం పెట్టాం" అని బంధువుల ముందు చదివే ఆ లక్ష ఎక్కడి నుంచి వచ్చింది? ఎర్ర గీత కిందనుంచి ఏరుకొచ్చుకున్నదే. అటు మగపెళ్లివారు కూడా ఆ అంకెనే అడుగుతారు. షాపువాడు మనకు సోఫాతో పాటు గొప్ప కూడా అమ్ముతున్నాడు, మనం రెండూ కొంటున్నాం. నేనైతే ఆ గొప్పను మందిరంలోకి మోసుకొచ్చి దానికి దేవుని పేరు పెట్టాను. ఆయన మిగల్చని డబ్బుకు ఆయనకు స్తోత్రం చెప్పించాను. ఇది నా పాపం. పిడికెడు పిడికెడు దాచిన ఆ తల్లులను క్షమాపణ అడుగుతున్నాను.

ఇకమీదట కొనేటప్పుడు ఒక పని చేయండి. చీటీ మీద కొట్టేసిన అంకెను బొటనవేలితో మూసేయండి. మిగిలిన అంకె చూసి, ఈ వస్తువుకు ఇంత ఇవ్వడానికి నాకు ఇష్టమేనా, స్తోమత ఉందా అని అడుగుకోండి. జీఎస్టీ, రవాణా, బిగింపు అన్నీ కలిపి ఎంతో చెప్పమనండి. ఏ కర్రో, ఏ బోర్డో, ఏ గేజో బిల్లు మీద రాయించుకోండి. ఇంకో రెండు షాపులు తిరగండి, మన ఊరి వడ్రంగిని కూడా అడగండి. ఆదివారంతో ఆఖరు అంటే, సోమవారం వస్తానని చెప్పి ఇంటికి రండి.

ఇప్పుడు ఆ కుర్రాడికి నా జవాబు. బాబూ, అవును, అది పాపమే. రాసిన చేయి నీది, రాయించిన నోరు ఇంకొకరిది, నమ్మి చాటినవాణ్ణి నేను. ముగ్గురమూ భాగస్థులమే. అయితే లూకా మూడో అధ్యాయంలో సుంకరులు వచ్చి మేమేం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానేయమనలేదు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. నువ్వూ షాపు మానక్కర్లేదు. ఆ అంకె రాయనని చెప్పు. అడిగినవారికి కర్ర ఏదో నిజం చెప్పు.

ఈ మాట పోయిన వారమే వాడితో అన్నాను. వాడు ఓనరుతో చెప్పాడు. ఓనరు నవ్వి, వాణ్ణి షోరూం నుంచి తీసి గోడౌన్లో లోడింగుకు వేశాడు. జీతం ఉంది గానీ అమ్మకాల మీద వచ్చే కమీషన్ పోయింది. వాడు నాతో దాని గురించి ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మ చెప్పింది. సంఘ పెద్దలారా, వాడు నిజం పలికినందుకు పోయిన ఆ కమీషన్ గురించి ఈ ఆదివారం ఆరాధన తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. నిజం చెప్పమని బోధించి, దాని ఖరీదు మొత్తం తండ్రి లేని పిల్లవాడి మీద వేయడం కూడా దొంగ తూనికే.

ఆ ఆదివారమే వేదిక మీద నా సాక్ష్యం దిద్దుకుంటాను. సోఫా ఖరీదు 34,000. దేవుడు మనకు మిగిల్చింది ఏమీ లేదు. ఇచ్చింది మాత్రం ఉంది, తప్పు ఒప్పుకునే ఒక యవనస్థుణ్ణి ఇచ్చాడు.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మా నాలుకల మీదనే గాక మా చీటీల మీద, బిల్లుల మీద, మా గొప్పల మీద కూడా నీ సత్యమును ఏలనిమ్ము. అబద్ధము రాయనన్న నీ బిడ్డ చేతిని బలపరచుము. అతని యింట ఏ కొదువయు రానియ్యకుము. ఆ షాపు యజమానుని కూడా జక్కయ్యను పిలిచినట్టు పేరు పెట్టి పిలువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో
మీ పాస్టరు